బలిఘట్టం ఇసుకలో నాలుగో రాకెట్టు

మొన్న చలికాలంలో నర్సీపట్నంలోని ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు నన్ను పిలిచారు. వాళ్ళ పిల్లలు అట్ట గొట్టాలతో చిన్న రాకెట్లు చేసి ఎగరేస్తున్నారట, వాటిని ఫోటో తీయడం ఎలాగో ఒక గంట చెప్పి వెళ్ళమన్నారు. నలభై ఏళ్ళు విశాఖపట్నంలో పెళ్ళి ఫోటోలు తీసినవాణ్ణి, ఈమధ్య నాలుగు పాత సంగతులు రాస్తున్నవాణ్ణి కాబట్టి ఫ్లెక్సీ మీద నా పేరు పక్కన రెండు బిరుదులు వేశారు. శాలువా కప్పారు. మైదానంలో రాకెట్టు ఎగిరింది, పిల్లలు అరిచారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె పరిగెత్తుకొచ్చి ఫోన్ చూపించింది. ఆకాశంలో రాకెట్టు మేకుకి తగిలించినట్టు నిలబడి ఉంది. దాని రెక్క మీద స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు కూడా చదువుకోవచ్చు. "సార్, మీ టైంలో ఫోన్లు లేవు కదా, మీరెలా తీసేవారు?" అని అడిగింది. "ఓపిగ్గా తీసేవాళ్ళమమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ మాట అబద్ధం. అబద్ధమని నాకు తెలుసు, అయినా నోట్లోంచి అనాయాసంగా వచ్చేసింది. తర్వాత ఆఫీసు గదిలో టీ తాగుతుంటే ఆ స్కూలు కరస్పాండెంటు మాటల్లో మాటగా అన్నాడు. "మన ఊర్లో పూర్వం కూడా ఒకాయన రాకెట్లు ఎగరేసీవోరంటండీ. అతుకుల మాస్టారు అనీవోరంట. ఇంకా ఉన్నారు, మిషన్ కాంపౌండ్ ఎనకాల. పెద్దోరైపోనారు, పిలుద్దామనుకున్నాం గానీ రాననేసినారు." నేను కప్పు కింద పెట్టేశాను. ఆ పేరు ఆయనకి తల్లిదండ్రులు పెట్టింది కాదు, చర్చిలో పెట్టింది కాదు. ఊరు పెట్టింది. ఊరు అలా పెట్టడానికి కారణం నేను. అందుకే ఇది రాస్తున్నాను. ఇది చదివి ఎవరైనా నన్ను మెచ్చుకుంటే వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుందని ముందే చెబుతున్నాను.

మా ఇల్లూ, నాన్న స్టూడియో ఒకటే. ముందు గది స్టూడియో, మధ్య గదిలో మేం నలుగురం, వెనక వంటిల్లు, దాని పక్కన కిటికీ లేని చిన్న గది. కోటవురట్ల దగ్గర మాకున్న కాస్త చెరకు మడి నుంచి వచ్చే బెల్లం కుండలు ఆ గదిలో పెట్టేవాళ్ళు. నాన్న దాన్నే డార్క్‌రూం చేసుకున్నాడు. కుండలు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఒక మూలకి జరిగాయంతే. దాంతో ఫోటోలు కడిగే హైపో మందు వాసన, బెల్లం వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. స్కూల్లో నా పక్కన కూర్చున్నవాడు కళ్ళు మూసుకున్నా నన్ను గుర్తుపట్టేవాడు. బెల్లానికి వచ్చిన చీమలు దారి తప్పి తడి ఫిల్ము మీదికి ఎక్కేవి. దాని మీది జిగురు వాటికి నచ్చేదో ఏమో, ఒక్కోసారి పెళ్ళికూతురి నుదుటి మీదుగా ఒక బారు నడిచి వెళ్ళిన గుర్తులుండేవి. వాటన్నిటినీ నాన్న సన్నటి పెన్సిలుతో ఓపిగ్గా పూడ్చేవాడు. పొద్దున్న వంట ముగించి అమ్మ ఫోటోలు గోళెంలో కడిగేది, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసేది. "నచ్చత్రాల్లాటి పెల్లికూతుర్లని తెచ్చి లుంగీల పక్కన ఆరేత్తావేటే?" అని నానమ్మ రోజూ ఒకసారి అనేది. అమ్మ రోజూ ఒకలాగే నవ్వేది. గోళెంలో నీళ్ళు కంపు కొడుతున్నాయని నానమ్మ స్నానానికి మాత్రం పక్కింటి నుయ్యి దగ్గరికి పోయేది.

నాన్నకి ఫోటో అంటే ఒకటే లెక్క. అందులో ఏదీ కదలకూడదు. ముక్కు ముక్కులా, చెవి చెవిలా, చేతి వేళ్ళు ఐదూ విడివిడిగా ఉండాలి. ఎవరి చెయ్యయినా కాస్త కదిలి మసకగా వస్తే ఆ ఫిల్ము పనికిమాలినది. అలాంటివన్నీ కత్తెరతో ముక్క చేసి రేకు డబ్బాలో వేసేవాడు. ఆర్నెల్లకోసారి ఒక మనిషి వచ్చి ఆ డబ్బానీ, వాడేసిన హైపో నీళ్ళనీ పట్టుకుపోయేవాడు. ఫిల్ములో సన్నగా ఉండే వెండిని కరిగించి తీస్తాడని చెప్పుకునేవాళ్ళు. నాన్న రెండో కెమెరా మీద, షట్టరు వేగం మార్చే చక్రం దగ్గర, అరవై అంకె మీద అమ్మ గోళ్ళరంగుతో ఎర్రటి చుక్క పెట్టి ఉండేది. ఫ్లాషు వెలగాలంటే చక్రం అక్కడే ఉండాలి. "ఈ సుక్క మీంచి సక్రం కదిపినావంటే సెయ్యి ఇరగ్గొట్టీగల్ను" అనేవాడు. పగలు కూడా ఆ చక్రం అరవై మీదే ఉండేది. ఫోటోగ్రఫీ అంటే ఆ చుక్క మీద తీసేదే అని నేను పదిహేనేళ్ళ వరకూ అనుకున్నాను. మాకు తెలిసిన స్టూడియోలన్నిట్లో అంతే.

నాన్నకి చుట్టుపక్కల ఊళ్ళలో పేరు తెచ్చింది మాత్రం జాయింటు ఫోటోలు. ఇంట్లో పెద్దాయన పోతాడు, కొడుకు పెళ్ళవుతుంది, గ్రూపు ఫోటోలో తండ్రి లేకపోతే ఆ తల్లి ఏడుస్తుంది. అప్పుడు ఆయన పాత ఫోటో ఒకటి తెచ్చి నాన్నకిచ్చేవాళ్ళు. నాన్న గ్రూపులో తల్లి పక్కన ముందే ఒక కుర్చీ ఖాళీగా వదిలి తీసేవాడు. పాత ఫోటోలోంచి మనిషిని బ్లేడుతో చుట్టూ కోసి, కాగితం అంచుని గరుకు కాగితంతో ఎంత పల్చగా రుద్దేవాడంటే వేలికి కూడా తగిలేది కాదు. మైదాపిండి లైతో అతికించి, కుంచెతో నీడలు సరిదిద్ది, ఆ మొత్తాన్నీ మళ్ళీ ఫోటో తీసేవాడు. ఫోటోలో పెద్దాయన కొడుకు పెళ్ళికి వచ్చి కూర్చునేవాడు. మాకవరపాలెం నుంచి ఒకామె అలాంటి ఫోటో చూసుకుని నాన్న కాళ్ళకి దండం పెట్టడం నేను చూశాను. ఆ పని నాకు పన్నెండో ఏట నుంచే నేర్పాడు. నా వేళ్ళు సన్నం కావడంతో అంచులు నాన్నకంటే బాగా రుద్దేవాణ్ణి.

ప్రభుదాసు మాస్టారు మా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. మిషన్ కాంపౌండ్‌లో పుట్టి పెరిగిన మనిషి. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆయనే, ఆ గొంతు కోసం మా నానమ్మ మా పెరటిని ఆనుకున్న చర్చి గోడ ఇవతల నిలబడి వినేది. ఆయనకి ఒకే పిచ్చి ఉండేది. పాత జవాబు పత్రాల్ని జిగురుతో చుట్టి గొట్టాలు చేసి, అట్టతో రెక్కలు పెట్టి, ముక్కుకి చెక్క బొంగరం తొడిగి రాకెట్లు చేసేవారు. లోపల మందు మాత్రం మాకవరపాలెం వైపు జువ్వలు కట్టే మనిషి దగ్గర నింపించుకొచ్చేవారు. రాకెట్టు పైకి పోయి ఆగగానే చిన్న గుడ్డ గొడుగు విప్పుకుని దిగాలి, అదీ ఆయన కోరిక. ఆ గొడుగు కుట్టిన పిల్ల మా తరగతిలో పైడితల్లి. ఆ పిల్ల గొడుగు కుట్టి ఊరుకోలేదు. కోణమాని, దారం, ఒక గోళీ కలిపి ఒక పరికరం చేసుకుని, దూరంగా నిలబడి రాకెట్టు ఎంత ఎత్తుకు పోయిందో లెక్క కట్టేది. లెక్కలన్నీ నల్ల అట్ట నోటుబుక్కులో రాసుకునేది. మాస్టారు మా ఇద్దరిలో ఎవరిని ఎక్కువ ఇష్టపడేవారో అప్పట్లో నాకు బాగా తెలుసు, అది నేను కాదు.

ఆ సంవత్సరం విశాఖపట్నంలో సైన్సు ప్రదర్శన పెట్టారు. హాల్లో గానీ, గ్రౌండులో గానీ నిప్పు వెలిగించనివ్వరు. రాకెట్టు ఎగిరిందని చూపించాలంటే ఫోటో కావాలన్నారు. మాస్టారు సాయంత్రం మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి నాన్నని అడిగారు. "మీ సూరిబాబుని నాలుగు ఆదివారాలు నాకిస్తారాండి? కెమెరాతో సహా." నాన్న చాలాసేపు గోడ గడియారం వైపు చూశాడు. మాస్టారంటే గౌరవం, ఫిల్మంటే ప్రాణం. చివరికి అన్నాడు. "మాస్టారూ, రోల్లో ముప్పయ్యారు ఫోటోలుంటాయండి. సూసుకుని ఎక్కిస్తే సివర్న రెండు ఎక్కువొస్తాయి. ఆ రెండూ మావోడివి. ఆటితో ఏటి సేసుకున్నా నానేటీ అనను." మా ఇంట్లో నాకంటూ ఉన్న ఆస్తి ఆ రెండు ముక్కలే. అలా ఒక్కో ఆదివారానికి ఒక్కో రోలు చివర, రెండు ఫోటోల మనిషినై నేను రాకెట్ల ఫోటోగ్రాఫర్ని అయ్యాను.

చర్చి అయ్యాక మాస్టారు అదే తెల్ల బట్టల్లో సైకిలు మీద బలిఘట్టం వచ్చేవారు. వరాహ నదిలో నీళ్ళు తగ్గి ఇసుక తేలి ఉండేది. ఇసుకలో ఇనప ఊచ ఒకటి నిలబెట్టి, దానికి రాకెట్టు తొడిగి, తాడు కట్టి మమ్మల్ని తాడు అవతల నిలబెట్టేవారు. మొదటి ఆదివారం ఆయన "ఐదు, నాలుగు, మూడు" అని లెక్కపెడుతుంటే నేను కెమెరా కంటికి ఆనించుకున్నాను. స్టూడియోలో నాన్న ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టి మూడు మీద నొక్కుతాడు, మనుషులు ఊపిరి బిగబట్టుకుని ఎదురు చూస్తారు. రాకెట్టు ఎదురు చూడదు. సుయ్‌మన్న చప్పుడు చెవిన పడ్డాక నొక్కాను. కడిగి చూస్తే ఊచ, పొగ, ఆకాశం. రెండో ఆదివారం చప్పుడు రాకముందే నొక్కాలని నిశ్చయించుకున్నాను. ఫోటోలో రాకెట్టు ఊచ మీద కదలకుండా, చక్కగా, జవాబు పత్రం మీది అక్షరాలతో సహా కూర్చుని ఉంది. కింద ఒక నిప్పురవ్వ మాత్రం కనబడింది. మూడో ఆదివారం మందు తడిసి రాకెట్టు లేవలేదు, నేను మాత్రం రెండూ నొక్కేశాను. పైడితల్లి నా వైపు చూసి నవ్వుతూ "ఒరే, అది ఎగిరినాక తియ్యరా" అంది. ఆ నవ్వు నాకు వారం రోజులు మంటెత్తించింది.

నాలుగో ఆదివారం రాకెట్టు ఎగిరింది. అలా ఎగరడం ముందూ వెనకా నేను చూడలేదు. నిటారుగా పోయి, చుక్కంతై, ఆగి, ఎర్రటి గుడ్డ గొడుగు విప్పుకుంది. మాస్టారు తెల్ల బట్టలతో ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. పైడితల్లి గోళీ దారం మీద వేలు నొక్కి పెట్టి "డెబ్బయ్, డెబ్బయ్" అని తన కోణాన్ని తనకే అరుచుకుంటోంది. నేను చప్పుడుతో పాటే నొక్కాను. రాత్రిదాకా ఆగలేక ఆ సాయంత్రమే ఫిల్ము కడిగి చిన్న ప్రింటు వేసి చూశాను. ఊచ స్పష్టంగా ఉంది. మాస్టారి మొహం పైకెత్తి ఉంది. ఊచ కొసకి పైన, ఆకాశం మీద, తెల్లటి గీత ఒకటి ఉంది. రాకెట్టు లేదు. రెక్కలు లేవు, ముక్కు లేదు, అక్షరాలు లేవు. ముగ్గుపిండి చేత్తో ఒకసారి రాసినట్టు గీత. నాన్న భుజం మీంచి తొంగి చూశాడు. "షేక్ అయిపోనాదిరా. పారీ" అన్నాడు. నాకు కూడా అదే అనిపించింది, అదే నేను ఈ రోజుకీ నన్ను క్షమించుకోలేని సంగతి. నాన్న చెబితే పారేశానని చెప్పుకోవచ్చు. కానీ ఆ గీత నా కంటికి కూడా చెత్తలాగే కనబడింది. ఫిల్ము ముక్కనీ, ప్రింటునీ నా చేత్తోనే కత్తిరించి రేకు డబ్బాలో వేశాను.

ప్రదర్శన వచ్చే శుక్రవారం. మాస్టారి దగ్గర ఇంక మందు లేదు, నా దగ్గర ఇంక ఫోటోలు లేవు. తీయలేకపోయానని వెళ్ళి చెబితే సరిపోయేది. పైడితల్లి ముందు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. సోమవారం స్కూలు ఎగ్గొట్టి బెల్లం గదిలో కూర్చున్నాను. రెండో ఆదివారం ఫోటోలోని రాకెట్టుని ఊచ మీంచి బ్లేడుతో కోసి తీశాను. అంచులు రుద్దాను. మొదటి ఆదివారం పొగ ఫోటోలోని ఆకాశంలో అతికించాను. తోక దగ్గర కుంచెతో మంట దిద్దాను. మళ్ళీ ఫోటో తీసి పెద్ద ప్రింటు వేశాను. నాన్న దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళి ఇటూ అటూ తిప్పి చూశాడు. నా తల మీద చెయ్యి వేశాడు, నాకు గుర్తున్నంత వరకూ అదే మొదటిసారి. "నాకన్నా బాగా సేసినావురా" అన్నాడు. "నాన్నా, ఇది అబద్దం కాదేటి?" అని అడిగాను. నాన్నకి నిజంగానే అర్థం కాలేదు. "అబద్దమేటిరా? రాకెట్టు ఎగిరినాదా లేదా? ఆ మాకవరపాలెం ఆయమ్మ మొగుడు బతికుంటే కొడుకు పెల్లినాడు ఆ కుర్సీలో కూకోడేటి? జరిగిందాన్నే కంటికి ఆనేటట్టు సేసినాం. అంతే."

మాస్టారు ఆ ఫోటో పట్టుకుని మా ముందు గదిలో నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కనబడుతుంది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశారు. "ఇది నాలుగోదేనా?" అన్నారు. "ఔనండి" అన్నాను. "గట్టివాడివిరా సూరిబాబూ" అన్నారు. జేబులోంచి పెన్ను తీసి ఫోటో వెనక తారీఖు, చోటు, మా ముగ్గురి పేర్లు రాశారు. నా పేరు మొదట రాశారు.

విశాఖపట్నంలో మా బల్ల దగ్గరికి న్యాయనిర్ణేతగా వచ్చినాయన ఏదో కాలేజీలో ఫిజిక్సు చెప్పే మనిషి. ఆయన భుజానికే ఒక కెమెరా వేలాడుతోంది. పైడితల్లి నోటుబుక్కు తిరగేసి, కోణాలు ఎలా కొలిచిందో అడిగి, రెండుసార్లు తల ఊపాడు. ఆ పిల్ల మొహం వెలిగింది. తర్వాత ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరు తీశారు?" అన్నాడు. నేను ముందుకొచ్చాను. "షట్టర్ స్పీడ్ ఎంత పెట్టావు బాబూ?" అన్నాడు. నాకు తెలిసిన ప్రశ్న అడిగాడని ఎంత సంబరపడ్డానో. "అరవై సార్. మేం ఎప్పుడూ అరవై మీదే తీస్తాం" అన్నాను గర్వంగా. ఆయన నా మొహంలోకి ఒకసారి చూశాడు. జేబులోంచి భూతద్దం తీసి ఫోటో మీద వంగాడు. "అరవై మీద పరిగెత్తే కుక్క కూడా ఇంత స్పష్టంగా రాదు" అన్నాడు నెమ్మదిగా. "ఈ నల్లటి సన్నగీత చూడండి మాస్టారూ. రాకెట్టు ఒంటి మీద ఊచ నీడ. రాకెట్టు ఆకాశంలో ఉంది, ఊచ నేల మీద ఉంది. నీడ మాత్రం దీంతోపాటు పైకెళ్ళింది." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "పిల్లల చేత ఇలాంటివి చేయించకండి" అని నోటుబుక్కు మూసి పక్కన పెట్టేసి తర్వాతి బల్లకి వెళ్ళిపోయాడు.

మాస్టారు నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. నేను చెబుతానని ఎదురు చూశారు. నోరు తెరిచి "నేనే చేశానండి, మాస్టారికి తెలీదండి" అని నాలుగు ముక్కలు అంటే చాలు. ఆ న్యాయనిర్ణేత పక్క బల్ల దగ్గరే ఉన్నాడు, వినబడేది. నేను బల్ల మీది గుడ్డకి ఉన్న జరీ అంచు చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి మాస్టారే ఆయన దగ్గరికి వెళ్ళి "తప్పు నాదేనండి. పిల్లలనేం అనకండి" అన్నారు. బస్సులో తిరిగొస్తుంటే పైడితల్లి నా పక్క సీటులోంచి లేచి వెళ్ళి నిలబడింది. అనకాపల్లి దాటాక వెనక్కి వచ్చి ఒక్క మాట అడిగింది. "నీ ఫోటో అబద్దమైతే అయినాదిరా. నా కోణాలు కూడా అబద్దమైపోనాయేటి?" ఆ తర్వాత ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాకవరపాలెంలో ఉంటోందని విన్నాను, మనవలున్నారట.

ఊరు ఊరుకుంటుందా. మొదట స్కూల్లో, తర్వాత బజార్లో, టీకొట్లో, సైకిలు షాపులో ఆయన్ని అతుకుల మాస్టారు అన్నారు. ఆయన సైకిలు టైరు పంక్చరైతే "మాస్టారూ, మీకెందుకండీ మా అతుకు" అనేవాళ్ళు. పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి "సార్, ఇది నిజంగా జరిగినాదా, అతికించినారా?" అని అడిగేవాళ్ళు. హెడ్మాస్టరు రాకెట్లు ఆపించేశాడు. అన్నిటికంటే ఆయన్ని కుంగదీసింది చర్చి. అబద్ధపు సాక్ష్యం చెప్పిన మనిషి వాక్యం చదవకూడదని పెద్దలు కూర్చుని తేల్చారు. ఆ ఆదివారం గోడ ఇవతల నిలబడ్డ నానమ్మ లోపలికొచ్చి "ఇయ్యాల ఎవరో సదువుతున్నార్రా, నోట్లో రాళ్ళున్నట్టున్నాయి" అంది. నేను అన్నం తింటున్నాను. తింటూనే ఉన్నాను. నాన్న మాత్రం ఆ న్యాయనిర్ణేతనే తిట్టాడు. "ఆడికేటి తెలుసు? దేశం నిండా జాయింటు ఫోటోలే" అన్నాడు. మాస్టారికి మా వల్ల ఏదో జరిగిందని తను చనిపోయేవరకూ ఒప్పుకోలేదు. నాన్న చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇంత చేదు ఉండేది కాదు, ఆయన మీదికి నెట్టేసి నిద్రపోయేవాణ్ణి. నేను పదో తరగతి అవగానే విశాఖపట్నం పారిపోయి ఒక స్టూడియోలో చేరాను. చదువు కోసమని అందరికీ చెప్పుకున్నాను.

ఇప్పుడు పిల్లల ఫోన్లు ఒక్క నొక్కుకి ముప్పై ఫోటోలు తీసి, బాగున్నది తామే ఏరుకుని, మసకని తామే తుడిచేసి, ఆకాశం కాస్త నీలంగా లేకపోతే నీలం పూసి ఇస్తాయి. ఆ ఎనిమిదో తరగతి పిల్లని ఎవరూ ఏమీ అడగరు. నేను బెల్లం గదిలో ఒక పూటంతా కూర్చుని చేసిన పనిని ఆ ఫోను రెప్పపాటులో చేసేస్తోంది, పైగా దానికి బహుమతులిస్తున్నారు. ఆ కాలం మంచిదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. ఆ కాలంలో నేను ఉన్నాను. ఈ కాలం మంచిదనీ అనలేను. నలభై ఏళ్ళు నేను తీసిన పెళ్ళి ఫోటోల్లో ఒక్క చెయ్యి కూడా కదల్లేదు, మసకగా వచ్చిన ప్రతిదాన్నీ తీసి పారేశాను, దాన్నే జనం పనితనం అన్నారు. అప్పుడు ఒక్క ఫోటో మీద ఒక మనిషి పరువు నిలబడేది. ఇప్పుడు దేని మీదా ఏదీ నిలబడదు. రెండింట్లో ఏది తక్కువ చెడ్డదో తేల్చుకోలేక శాలువా మడిచి సంచిలో పెట్టుకుని మిషన్ కాంపౌండ్ వైపు నడిచాను.

మాస్టారు వరండాలో నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. జేబులో రెండు పెన్నులు మాత్రం ఉన్నాయి. "సూరిబాబునండి" అంటే కాసేపు నా మొహం వైపు చూసి "కూర్చో" అన్నారు. ఏం తాగుతావని అడిగారు, వద్దన్నాను. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలన్నీ పక్కకి పోయి, ఉన్నదున్నట్టు వరసగా చెప్పేశాను. అతికించింది నేనేననీ, ఆ రోజు నోరు తెరవలేదనీ చెప్పాను. ఆయన చెయ్యి ఊపారు. "అది నాకు ఆ పూటే తెలుసు కదరా. ఇంకేదైనా ఉంటే చెప్పు" అన్నారు. అప్పుడు చెప్పాను. "నాలుగోసారి ఫోటో వచ్చిందండి మాస్టారూ. ఎగిరేటప్పుడే పడింది. కాకపోతే షేక్ అయి తెల్ల గీతలా వచ్చింది. పనికిరాదని పారేశాను."

ఆయన నిటారుగా కూర్చున్నారు. అంత వయసు మనిషి అలా ఒక్కసారిగా వెన్ను నిలపడం చూసి నేను భయపడ్డాను. "గీతలా వచ్చిందా? ఊచ కనబడుతోందా అందులో?" అన్నారు. "కనబడిందండి, స్పష్టంగా" అన్నాను. "ఒరే, అరవై మీద గీత వచ్చిందంటే, సెకనులో అరవయ్యో వంతులో అది ఎంత దూరం పోయిందో అదేరా ఆ గీత. ఊచ పొడుగు నాకు తెలుసు, రాకెట్టు పొడుగు తెలుసు. గీతని ఊచతో కొలిస్తే వేగం వచ్చేస్తుంది. ఆ పిల్ల కోణానికి సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. ఆ రోజు ఆ న్యాయనిర్ణేతకి అదొక్కటి చూపిస్తే సరిపోయేదేమోరా. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" ఇన్నేళ్ళలో, ఇన్ని కెమెరాలు చేతబట్టి, ఇన్ని వేగాలు మార్చి ఫోటోలు తీసి, నాకు ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆయన పెన్ను తీశారు. దిండు కింద ఉన్న పాత కవరు ఒకటి తిప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. ఊచ పొడుగు రాశారు, రాకెట్టు పొడుగు రాశారు, వాటి కింద అరవై రాసి గీత గీశారు. అంకెలు ఇప్పటికీ గుండ్రంగానే ఉన్నాయి. "ఇప్పుడు చెప్పు. ఆ గీత ఊచలో ఎన్నో వంతుంది?" అన్నారు. మొహంలో బోర్డు ముందు నిలబడ్డ రోజుల వెలుగు వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. డార్క్‌రూం కనబడింది, ట్రే కనబడింది, పైకెత్తిన ఆయన మొహం కనబడింది. ఆ గీత పొడుగు మాత్రం కనబడలేదు. ఆయన ఎదురు చూస్తున్నారు. ఇంత దూరం వచ్చి, ఈ మనిషిని ఇంకోసారి ఖాళీ చేతులతో వదలలేక అన్నాను.

"సగం ఉండొచ్చండి. ఇంచుమించు సగం."

కవరు మీద ఆనిన పెన్ను ఆగింది. ఆయన తలెత్తి, ఆ రోజు బల్ల దగ్గర చూసినంతసేపూ నన్ను చూశారు.

"నీకు గుర్తుండి చెబుతున్నావా సూరిబాబూ," అన్నారు, "ఇప్పుడు అతికిస్తున్నావా?"

నేను తల దించుకున్నాను. ఆయన పెన్నుకి క్యాపు పెట్టి జేబులో పెట్టుకున్నారు.